మూడు పిలుపులు విన్న ఐడా స్కడ్డరు

ధ్యానమునకు: లూకా 11:5–10, 2 తిమోతి 2:2, 2 రాజులు 4:8–10



అర్ధరాత్రివేళ స్నేహితుని తలుపు తట్టి మూడు రొట్టెలు బదులడిగిన మనుష్యుని ఉపమానము మనలో చదువురాని పెద్దలకు సహితము తెలిసినదే. మన బోధకులు దానిని తరచుగా వెలుపల నిలిచినవాని పక్షమున వివరించి, విసుగక ప్రార్థించుడని మనకు నేర్పుదురు. అది మంచి బోధ. అయితే ఈ నెల మేము లోపల పండుకొనినవాని వైపునుండి ఆ మాటను ధ్యానింప గోరుచున్నాము. చప్పుడు విని అతడు వెంటనే లేచెననుకొందము. దీపము వెలిగించి కుండలన్నియు వెదకెననుకొందము. ఇంటిలో రొట్టెయే లేనియెడల అతడేమి చేయవలెను? మనస్సున్నది గాని ఇచ్చుటకు చేతిలో ఏమియు లేదు. మన దక్షిణదేశములోనే ఒక యౌవనస్త్రీకి ఈ కష్టము వచ్చెను. ఆమె పేరు ఐడా సోఫియా స్కడ్డరు. మన ప్రాంతపు రోగులు సహితము రైలెక్కి కాట్పాడిలో దిగి వెదకుకొనిపోవు వేలూరు క్రైస్తవ వైద్యశాలకు పునాది వేసినది ఈమెయే.

ఆమె పుట్టిన ఇల్లు

ఐడా తాతగారైన డాక్టరు జాన్ స్కడ్డరు న్యూయార్కు పట్టణములో వైద్యుడు. ఆయన అచ్చటి వృత్తిని విడిచి 1819లో సింహళమునకు ఓడ ఎక్కెను. కొంతకాలమునకు చెన్నపట్టణము వచ్చెను. ఆయన కుమారులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించిరి. ఆ మిషను సేవ అరవదేశముతో ఆగలేదు. మదనపల్లె, పలమనేరు మొదలైన తెలుగు ఊళ్లును దానిలో చేరియుండెను. ఆ కుమారులలో ఒకడైన రెండవ జాన్ స్కడ్డరు డాక్టరుకును, ఆయన భార్య సోఫియాకును కడగొట్టు బిడ్డగా ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టెను.

ఆమెకు ఆరేడేండ్ల ప్రాయమున 1876–78 నాటి మహాకరవు వచ్చెను. రాయలసీమ పెద్దలు ధాత కరవని చెప్పుకొనినది అదియే. ఆకలితో చేయెత్తలేని పిల్లల నోట ఈ చిన్నది రొట్టె ముక్కలు తుంచి పెట్టెను. ఆ దృశ్యము ఆమె మనస్సులో గాయమువలె నిలిచెను. పిమ్మట కుటుంబము అమెరికా వెళ్లెను. తండ్రి, తరువాత తల్లి సేవకొరకు ఇండియాకు తిరిగి రాగా, ఈమె బంధువుల యింట పెరిగి, మూడీ దొరగారు స్థాపించిన నార్త్‌ఫీల్డు బాలికల పాఠశాలలో చదివెను. తలిదండ్రులను తననుండి ఎడబాపిన మిషను సేవయనిన ఆమెకు ఇష్టము లేదు. కరవు, ఎండ, రోగము నిండిన ఆ దేశమునకు మరల పోకూడదనియు, అమెరికాలోనే సుఖముగా కాపురము చేసికొనవలెననియు ఆమె నిశ్చయించుకొనెను. నీనెవె వద్దని తర్షీషుకు టిక్కెట్టు కొన్న యోనావంటిదే ఆమె తలంపు.

1890లో తల్లి జబ్బుపడినదని కబురు రాగా, కొద్దికాలము సాయము చేసి తిరిగిపోదునని తలంచి ఆమె తిండివనము వచ్చెను.

ఆ రాత్రి

ఒక రాత్రి ఐడా దీపముదగ్గర కూర్చుండియుండగా ఒక బ్రాహ్మణ యువకుడు వాకిటికి వచ్చెను. అతని భార్య ఇంకను చిన్నపిల్ల. కాన్పు కష్టమై ప్రాణాపాయములో నున్నది. మంత్రసానులు చేతులెత్తివేసిరి. ఐడా తన తండ్రి డాక్టరని చెప్పి ఆయనను తోడుకొనిపొమ్మనెను. పరపురుషుడు తమ స్త్రీని తాకుట తమ ఆచారము కాదని ఆ యువకుడు దుఃఖముతో చెప్పి వెళ్లిపోయెను. ఐడాకు వైద్యమేమియు తెలియదు. ఆమె వెళ్లినను ప్రయోజనము లేదు. కొంతసేపటికి ఒక ముస్లిము సోదరుడు వచ్చి తన భార్యకును అదే కష్టమని చెప్పెను. అతడును గోషా కారణముగా పురుష వైద్యుని ఒప్పుకొనలేదు. అటుతరువాత మూడవవాడు వచ్చెను. అదే కష్టము, అదే మాట, అదే తిరుగుదారి.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. దేవుడు తన్ను అడుగుచున్నాడని ఆమెకు తెలిసెను, ఆమె పోరాడుచుండెను. తెల్లవారుజామున ఊరిలో చావుడప్పు వినబడెను. పనివానిని పంపి కనుగొనగా, ముగ్గురు స్త్రీలును చనిపోయిరని తేలెను.

ఆ ముగ్గురు భర్తలు కఠినులు కారు. కఠినులైనయెడల అర్ధరాత్రి పరుగెత్తివచ్చి ఒక విదేశీయుని యింటివాకిట నిలిచి బతిమాలుకొనియుండరు. వారి ఆచారము వారిని కట్టివేసెను. ఆ ఆచారమును ఒక్క రాత్రిలో ఎవరును మార్చలేరు. చదువుకొనిన ఒక స్త్రీ ఆ ఊరిలో ఉండినయెడల ముగ్గురు తల్లులు బ్రతుకుటకు వీలుండెడిది. ఐడా ఆ ఉదయమే తలిదండ్రులయొద్దకు పోయి, అమెరికా వెళ్లి వైద్యము నేర్చుకొని, ఈ దేశపు స్త్రీలకు సేవచేయుటకు తిరిగి వచ్చెదనని తెలియజేసెను.

రొట్టె సంపాదించుకొనుట

ఇక్కడ మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు. భక్తిగల మనస్సు కలిగిన వెంటనే ఆమె చేతికందిన మందుసీసాలు పట్టుకొని రోగుల యిండ్లకు బయలుదేరలేదు. 1895లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్యకళాశాలలో చేరెను. 1898లో కార్నెల్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాల స్త్రీలకు తలుపు తెరవగా అక్కడికి మారి, 1899లో పట్టా పుచ్చుకొనెను. ప్రేమ ఎంత గొప్పదైనను, రక్తస్రావమును ఆపుటకు, అడ్డముతిరిగిన బిడ్డను తీయుటకు నేర్పు కావలెను. నేర్పులేని దయ ఆ రాత్రి ఆమె చేతిలో ఎట్లు వట్టిదైపోయెనో ఆమె మరువలేదు.

తిరిగి వచ్చుటకు ముందు వేలూరులో స్త్రీల ఆసుపత్రికొరకు ధనము పోగుచేయు భారము ఆమెపై పడెను. షెల్ అను ధనికుడు ఆమె మాటలు ప్రక్కగదిలోనుండి విని, చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థముగా 10,000 డాలర్లు ఇచ్చెను. 1900 ఆరంభమున ఆమె వేలూరు చేరెను. ఇండ్లకు పోయి స్త్రీలకు సువార్త చెప్పుటకు ఆమె స్నేహితురాలు ఆనీ హాంకాకు కూడ వచ్చెను. తండ్రియొద్ద పని నేర్చుకొందమని ఐడా ఆశపడెను గాని ఆయన ఆ మే నెలలోనే చనిపోయెను. క్రొత్త వైద్యురాలు ఒంటరియాయెను. ఆడమనిషికి వైద్యమేమి తెలియునని జనులు మొదట రాలేదు. మిషను బంగళాలో ఒక చిన్న గదియే ఆమె ఆసుపత్రి. వంటవాని భార్యయైన సలోమి ఆమెకు మొదటి సహాయకురాలు. క్రమముగా నమ్మకము కుదిరెను. రెండేండ్లలో సుమారు 5,000 మంది ఆమెయొద్ద వైద్యము పొందిరి. 1902లో 40 పడకలతో మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థ ఆసుపత్రి తెరవబడెను.

చెట్లక్రింది వైద్యము

ఆసుపత్రి కట్టుటతో పని తీరిపోయినదని ఆమె కూర్చుండలేదు. వేలూరుకు రాలేనివారు పల్లెలలో ఎందరో యున్నారు. ఆమె వారమునకొకసారి గుడియాత్తం దారిన బయలుదేరుచుండెను. మొదట ఎద్దుబండి, పిమ్మట ఒక చిన్న మోటారు. గుర్రము లేక నడచు బండిని చూచి దయ్యమని జనులు పరుగెత్తిరట! అయితే కొన్నాళ్లకు ఆ జనులే దారి పొడుగున చెట్లనీడలలో తమ రోగులను పండుకొనబెట్టి ఆమెకొరకు కనిపెట్టుచుండిరి. ఆమె ప్రతి మజిలీయొద్ద బండి ఆపి, పుండ్లు కడిగి, కన్నులు చూచి, పండ్లు పెరికి, మందులిచ్చి సాగిపోవుచుండెను. కుష్ఠరోగులును, ఇంటిలో చోటు దొరకనివారును అక్కడ ఆమెకు కనబడిరి. ప్రయాణమై పోవు త్రోవలోనే సమరయుడు గాయపడినవానిని కనుగొనెను గదా.

ఒకతె చాలదు

ఆ దారిమీదనే ఆమెకు మరియొక సంగతి బోధపడెను. తాను వెళ్లు ఒక్క దారిలోనే ఇందరు రోగులున్నయెడల, తాను వెళ్లని దారుల మాట ఏమి? ఆమె రెండు చేతులు ఎన్ని పురుళ్లు పోయగలవు? మోషే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ఒంటరిగా తీర్పు తీర్చుట చూచి అతని మామయైన యిత్రో హెచ్చరించిన సంగతి నిర్గమకాండము 18వ అధ్యాయములో నున్నది. పౌలు భక్తుడును తాను నేర్చినదానిని ఇతరులకు బోధింప శక్తిగల నమ్మకమైనవారికి అప్పగించుమని తిమోతికి వ్రాసెను. ఐడా ఆ మార్గమునే అనుసరించెను. 1903లో కాంపౌండర్లకు శిక్షణ, 1909లో నర్సుల పాఠశాల ఆరంభించెను. అటుపిమ్మట ఈ దేశపు ఆడపిల్లలను డాక్టర్లుగా తయారుచేయవలెనని పూనుకొనెను.

అప్పటి మద్రాసు ప్రభుత్వపు ముఖ్య వైద్యాధికారి దీనిని విని, ముగ్గురు పిల్లలు దరఖాస్తు పెట్టినను గొప్పయే అని తలంచెను. 151 దరఖాస్తులు వచ్చెను! 1918 ఆగస్టు 12న, మొదటి ప్రపంచయుద్ధము ఇంకను ముగియకముందే, మిషనులు కలిసి నడుపు స్త్రీల వైద్యపాఠశాల తెరవబడెను. సరియైన భవనములు లేవు. పుస్తకములు, సామగ్రి కొంచెమే. ఐడాయే వారికి పాఠము చెప్పి, వెంటబెట్టుకొని పల్లెలకు తీసికొనిపోవుచుండెను. మొదటి ప్రభుత్వ పరీక్షలో పురుషులు అయిదుగురిలో ఒకరు చొప్పున గట్టెక్కగా, వేలూరు బాలికలందరును ఉత్తీర్ణులైరి. 1922లో మొదటి జట్టు 14 మంది కోర్సు ముగించి డాక్టర్లుగా బయటికి వచ్చిరి. ఒక రాత్రి ముగ్గురు తల్లులను కాపాడలేకపోయిన స్త్రీకి దేవుడు 14 జతల చేతులిచ్చెను.

ముసలితనములో పరీక్ష

వారు పొందినది ఎల్.ఎం.పి. అను పట్టా. 1938 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వము ఆ కోర్సును నిలిపివేసి, ఇకమీదట విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. చదువే ఉండవలెనని నిర్ణయించెను. రోగుల మేలుకొరకు చదువు స్థాయి పెరుగుట న్యాయమే; అయితే వేలూరుకు అంతటి భవనములు, ప్రయోగశాలలు, ఆచార్యులు ఎక్కడనుండి వచ్చును? క్రొత్త విద్యార్థినులను చేర్చుకొనుట ఆగిపోయెను. ఇరువది యేండ్ల కష్టము మూతపడునట్లుండెను. డెబ్బదియేండ్లు నిండిన ఆ వృద్ధురాలు రెండవ ప్రపంచయుద్ధకాలములో 1941లో అమెరికా వెళ్లి, ఊరూర తిరిగి ధనమడిగెను. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు ఆరంభమాయెను.

ఆ దినములలోనే ఆమెకు మరియొక శోధన వచ్చెను. స్త్రీపురుషులు కలిసి చదువు కళాశాలగా చేసినయెడల అనేక మిషనులు చేయి కలుపుటకు సిద్ధముగా నుండెను. కాని ఆమెకు ఏండ్లకొలది కానుకలు పంపిన అమెరికా స్త్రీలలో కొందరు అది తమ స్త్రీలకొరకైన పని యని గట్టిగా ఎదిరించిరి. పాత స్నేహితులను నొప్పించుట ఆమెకు ప్రాణసంకటమాయెను. అయినను పని తన పేరుకంటెను, తన స్నేహములకంటెను పెద్దదని యెంచి, ఆమె అందరి కలయికకు ఒప్పుకొనెను. 1947లో పురుష విద్యార్థులును చేర్చుకొనబడిరి. మన సంఘములలో పాత కమిటీలు, పాత పద్ధతులు విడువలేక మంచి పని ఆగిపోవుచున్నప్పుడు ఈ సంగతిని మనము జ్ఞాపకము చేసికొనవలెను.

విశాఖపట్టణపు ఆడపడుచు

విత్తినవారొకరు, కోయువారొకరు. ఐడా విశ్రాంతి తీసికొనిన పిమ్మట 1948లో వేలూరు వైద్యకళాశాలకు మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చినది మన ఉత్తరాంధ్ర బిడ్డయే. ఆమె డాక్టరు హిల్డా మేరీ లాజరసు. 1890లో విశాఖపట్టణములో విద్యాధికుల క్రైస్తవ కుటుంబములో పుట్టి, మద్రాసులో వైద్యము చదివి, లండను, డబ్లిను నగరములలో పై చదువు ముగించి, 1917లో ప్రభుత్వపు స్త్రీల వైద్యసేవలో చేరిన మొదటి భారతీయ స్త్రీ. ముప్పదియేండ్లు దేశములోని అనేక పట్టణములలో పనిచేసి, ఎందరో నర్సులకును మంత్రసానులకును శిక్షణ ఇచ్చెను. ఉద్యోగము ముగిసిన తరువాత ఇంట కూర్చుండక, 1954 వరకు వేలూరు భారమును మోసెను. 1961లో పద్మశ్రీ బిరుదు పొంది, 1978లో మృతినొందెను. ఐగుప్తులో హెబ్రీయుల బిడ్డలను బ్రతికించిన షిఫ్రా, పూయా అను మంత్రసానుల యిండ్లను దేవుడు వర్ధిల్లజేసెను. ఈ మంత్రసానుల గురువును సహితము ఆయన మరువడని మేము నమ్ముచున్నాము.

ఐడా అమ్మగారు కొడైకెనాలు కొండమీద విశ్రమించి, 1960 మే 24న, తన 89వ యేట ప్రభువునందు నిద్రించెను. ఆమె నాటిన చెట్టు పెరుగుచునే యుండెను. మన దేశములో మొదటి సఫలమైన మూత్రపిండపు మార్పిడి 1971లో వేలూరులోనే జరిగెను.

మన ఉద్దానపు తలుపు

మూత్రపిండమను మాట వినగానే మన ప్రాంతపువారి గుండె ఝల్లుమనును. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతముల కొబ్బరితోటలలో, జీడితోటలలో కష్టించువారిని ఈ వ్యాధి దశాబ్దములుగా పట్టి పీడించుచున్నది. దీనికి మూలకారణము ఇదియే అని పరిశోధకులు ఇంతవరకు తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రియు, పరిశోధనకేంద్రమును ప్రారంభమాయెను. దూరమునుండి త్రాగునీరు తెచ్చు పథకమును ఆ నెలలోనే ఆరంభమాయెను. ఇందుకు దేవునికి స్తోత్రము. అయితే గోడలు రోగిని చూడవు. యంత్రమునొద్ద వారమునకు రెండు మూడు దినములు, ప్రతిసారి నాలుగేసి గంటలు రక్తశుద్ధి చేయించుకొనువారికి అక్కడ నివసించు వైద్యులు, నర్సులు కావలెను. ఈ వ్యాధి మొదట నొప్పి తెలియనీయక దాగియుండును గనుక, ఊరూర తిరిగి రక్తపుపోటు చూచి, రక్తమును మూత్రమును పరీక్షించి, ఒంటినొప్పులకు తోచిన మాత్రలు మ్రింగవద్దని ఓపికతో చెప్పువారు కావలెను. ఇది గుడియాత్తం దారిలో జరిగినవంటి పనియే.

ఒకప్పుడు మనకు అన్యదేశీయులు వచ్చి సేవచేసిరి. కెనడా బాప్టిస్టు మిషను డాక్టరైన బెన్ గలిసను సోంపేటలో ఎందరికో కంటిచూపు తిరిగి రప్పించెను. ఆయన పని చూచి 1963లో కెనడాలో కంటి వైద్యమునకు ఒక సహాయసంఘమే లేచెను. ఆ దినములు గడచిపోయెను. ఇప్పుడు తలుపు తట్టబడుచున్నది మన యిండ్లవే.

సంఘములు చేయదగినవి

మొదటిది, బిడ్డలను పంపుట. వేలూరులో సంఘములును మిషనులును విద్యార్థులను పేరు పెట్టి పంపుట, వారు చదువు ముగించి పంపినవారి ఆసుపత్రిలో కొంతకాలము పనిచేయుదుమని ఒప్పుకొనుట అను మంచి పద్ధతి ఏర్పడెను. ఈ దినములలో డాక్టరు చదువుకు జాతీయ ప్రవేశపరీక్ష వ్రాయక తప్పదు. మన సండేస్కూలులో లెక్కలు, సైన్సు బాగుగా చదువు బిడ్డ ఎవరో కాపరులు, పెద్దలు కనుగొని, ఆడపిల్ల యని చదువు మాన్పింపక, పుస్తకములకును శిక్షణకును సంఘపు కానుకలోనుండి సాయము చేయవలెను. డాక్టరు చదువు అందనివారికి నర్సు చదువు, ప్రయోగశాల చదువు కలవు. అవి తక్కువ పనులు కావు. వంటవాని భార్య సలోమి లేనిదే ఐడా పని మొదలు కాలేదు.

రెండవది, వచ్చినవారిని నిలుపుకొనుట. పల్లెకు వచ్చిన డాక్టరు ఎందుకు వెళ్లిపోవును? చాలమారులు ఉండుటకు ఇల్లు లేక, బిడ్డలకు బడి లేక, సాయము చేయువారు లేక, రోగి చనిపోయిన దినమున జనులు కొట్టవచ్చెదరను భయముచేత వెళ్లిపోవును. షూనేములోని ఘనురాలు ఎలీషాకొరకు గోడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము అమర్చెను. దైవజనుడు ఆ ఊరిలో ఆగుటకు అది కారణమాయెను. సంతబొమ్మాళి మొదలుకొని ఇచ్ఛాపురమువరకు మన గ్రామములలో నున్న సర్కారు డాక్టరమ్మను, నర్సమ్మను, ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్తను మన యింటివారివలె ఆదరించుట అట్టి గదిని కట్టుటయే. వారు ఏ మతస్థులైనను మనము ఆదరింపవలసినవారే.

మూడవది, ప్రార్థించుట. కోత విస్తారమనియు, పనివారు కొద్దిమంది యనియు ప్రభువు చెప్పినది, ఆయన రోగులను స్వస్థపరచుచు గ్రామములలో సంచరించుచు జనసమూహములను చూచి కనికరపడిన సమయముననే. ఆ మాట పాదిరులకొరకు మాత్రమే కాదు. డాక్టర్లకొరకు సహితము ప్రార్థింపవచ్చును. ఈ నెల మొదటి ఆదివారమున ప్రతి సంఘములో ఇందుకొరకు ప్రత్యేకముగా ప్రార్థన చేయుడని కోరుచున్నాము. ప్రార్థన ముగించి లేచినప్పుడు, దేవుడు మన యింటిలోని బిడ్డనే అడిగినయెడల, వెనుకతీయకుందుము గాక.

ఐడా ఆ రాత్రి విన్న పిలుపులు మూడే. వాటికి జవాబుగా ఆమె వేలకొలది రాత్రులు మేలుకొనెను, వందలకొలది స్త్రీలను మేలుకొనుటకు సిద్ధపరచెను. ఆ చనిపోయిన ముగ్గురు తల్లుల పేర్లు ఎవరికిని తెలియవు, దేవునికి తెలియును. పేరులేని అట్టి తల్లులు, తండ్రులు మన ఉద్దానములోను, సముద్రపుటొడ్డు ఊళ్లలోను, నౌపడా ఉప్పుమళ్లలోను ఉన్నారు. వారికొరకు లేచువారిని ప్రభువు మన మధ్యనుండి పుట్టించును గాక. ఆమేన్.